మూడో అంతస్తు, తూర్పు కిటికీ

ఊరి చివర నుంచి పొద్దున్నే బయల్దేరే మొదటి బస్సులో డ్రైవరూ కండక్టరూ తప్ప మగవాళ్ళు పెద్దగా కనిపించరు. వంటకు వెళ్ళేవాళ్ళు, ఉద్యోగస్తుల పిల్లల్ని లేపి బడికి తయారుచేసేవాళ్ళు, మంచం పట్టిన ముసలివాళ్ళకు ఒళ్ళు తుడిచి మందులు మింగించేవాళ్ళు, అంతా ఆడవాళ్ళే. సగం మంది కిటికీకి తల ఆనించి నిద్రపోతారు. మిగతావాళ్ళు తమ ఇళ్ళ సంగతులు వదిలేసి, తాము పనిచేసే ఇళ్ళ సంగతులు మాట్లాడుకుంటారు. అందరూ దిగేది ఒక్కచోటే. వీధులు ఉన్నట్టుండి వెడల్పయి, రెండు వైపులా చెట్లు కమ్ముకుని, ప్రహరీగోడలు మనిషికన్నా ఎత్తు పెరిగే చోట.

ఆమె కూడా అక్కడే దిగేది. కాళ్ళకు చెప్పులు, భుజాన గుడ్డసంచి, అందులో తెల్లటి వాకింగ్ బూట్లు. తాము కొత్తగా చేరిన ఇంటి సందులో మురికినీళ్ళు ఎప్పుడూ నిలిచే ఉంటాయి. ఆ బురద బూట్ల అంచుకు అంటితే పార్కులో అందరికంటే ముందు డాక్టరమ్మ కంట పడుతుంది. అందుకని బస్సు దిగాక, పార్కు వెనక వీధిలో ఒక తాళం వేసిన గేటు దగ్గర నిలబడి బూట్లు తొడుక్కుని, చెప్పులు సంచిలో పెట్టుకుని, అప్పుడు ముందు గేటు వైపు నడిచేది.

ఒకరోజు పక్క సీట్లో కొత్తమనిషి కూర్చుని, కాసేపు చూసి అడిగింది.

"ఏ ఇంట్లో చేస్తావక్కా?"

"ఏ ఇంట్లోనూ కాదమ్మా. వాకింగ్‌కి వెళ్తున్నాను."

ఆ మనిషి ఒక్క క్షణం ఆగి ఫక్కున నవ్వింది. వెనక సీటు వైపు తిరిగింది. "ఏమేవ్, విన్నావా? అక్క బస్సెక్కి వాకింగ్‌కి వెళ్తోందంట!"

"మనం మాత్రం ఎక్కడికి వెళ్తున్నామే? మనదీ వాకింగే, కాకపోతే సింకు దగ్గర్నుంచి స్టవ్వు దాకా" అంది వెనకామె. బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఏ డాక్టరుగారింట్లోనో వంట చేస్తున్నానని చెప్పి ఉంటే ఎవరూ నవ్వేవాళ్ళు కాదు, నమ్మేవాళ్ళు.

ఇంట్లో ఆయనా అదే అన్నాడు, ఇల్లు మారిన కొత్తలో. నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఏ విషయమైనా ఒక పైపు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చూసినట్టే చూస్తాడు. "నడవడానికి బస్సెక్కే మనిషిని లోకంలో నిన్నొక్కదాన్నే చూశానోయ్. ఆ బస్టాపు దాకా వెళ్ళి వెనక్కి వస్తే సరిపోదూ?"

"ఆ సందులో ఏం నడుస్తానండీ, మోటారు సైకిళ్ళ మధ్య" అంది ఆమె. అసలు కారణం అది కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ పేటలో ఆమెను మూలింటి వదిన అంటారు. పార్కుకు ఎదురుగా, రెండు వీధులు కలిసే మూల మీద ఉండేది వాళ్ళ ఇల్లు. కోడలిగా వచ్చింది అక్కడికే. వచ్చినప్పుడు ఆ వీధుల్లో సాయంత్రమైతే పిల్లలు బంతాట ఆడేవాళ్ళు. డాక్టర్లు, ఇంజనీర్లు, బ్యాంకు మేనేజర్లు అప్పుచేసి కట్టుకున్న ఇళ్ళు అవి. అప్పులు తీరేసరికి పిల్లలు పెద్దవాళ్ళయి తలో వైపు వెళ్ళారు. భూమి ధర మాత్రం ఎటూ వెళ్ళకుండా ఉన్నచోటే ఆకాశానికెక్కింది. ఇప్పుడు పాత ఇళ్ళలో ఇద్దరేసి ముసలివాళ్ళు, వాళ్ళను కనిపెట్టుకుని ఉండేవాళ్ళు నలుగురేసి. కొన్ని ఇళ్ళు పడగొట్టి లేపిన అపార్టుమెంట్లలో పొద్దున వెళ్ళి చీకటిపడ్డాక వచ్చే భార్యాభర్తలు, ఆయా చేతిలో పెరిగే ఒక్క బిడ్డ. వీధిలో పిల్లల కన్నా కుక్కలు ఎక్కువ కనిపిస్తాయి. ఆ కుక్కలను తిప్పడానికీ మనుషులున్నారు.

అక్కడ ఒకరి విషయం ఒకరు అడగరు. పక్కింటి ముందు అంబులెన్సు ఆగితే మర్నాడు పళ్ళబుట్ట పంపుతారు గాని, ఎవరికి ఏమైందని అడగరు. ఎవరి కూతురో పెట్టెతో పుట్టింటికి వచ్చి నెలలు గడిచినా, "వాతావరణం పడుతోందా అమ్మా?" అని మాత్రమే అంటారు. ఎదుటిమనిషి మొహం చిన్నబుచ్చుకోకుండా చూడడం అక్కడ అందరూ నేర్చిన విద్య. ఆమె కూడా ఆ విద్యలో ఆరితేరిందే.

అత్తగారు పోయాక ఇల్లు నలుగురు బిడ్డల వాటాకు వచ్చింది. ఎవరూ గొడవపడలేదు. ఎవరి అవసరం వాళ్ళకుంది. ఆయన ఒక్కడూ మిగతా ముగ్గురి వాటాలు కొనడం అయ్యే పని కాదు. అందుకని అమ్మేశారు. తమ భాగానికి ఊరి చివర రెండు గదుల ఫ్లాటు వచ్చింది. సామాన్లు సర్దుతున్న రోజుల్లో పార్కులో డాక్టరమ్మ అడిగింది, "బిల్డరుకిచ్చారటగా ఇల్లు?"

ఆమె నోరు తెరిచేలోపే జడ్జమ్మ అందుకుంది. జడ్జమ్మ భర్త జడ్జి కాదు, మందుల కంపెనీ నడిపేవాడు. ఏ విషయంలోనైనా తీర్పు ఆవిడదే కావడం వల్ల ఆ పేరు నిలిచిపోయింది. "అంతేగా మరి, ఈ పేటలో పిచ్చివాళ్ళయితే తప్ప అమ్ముకుంటారా ఎవరైనా? రెండేళ్ళు ఎక్కడో తల దాచుకుంటే చాలు, పాత ఇంటికి బదులు కొత్త ఫ్లాటు. కదా వదినా?"

ఆమె తల ఊపింది. ఊపింది, అంతే. దాన్ని అబద్ధం అనుకోలేదు. తర్వాత సరిచెప్పొచ్చు అనుకుంది. కాని మర్నాడు చిట్టి అడిగింది, "ఏ అంతస్తు అక్కా మీకు?" చిట్టి వాళ్ళందరిలోకీ చిన్నది, నలభై దాటినా చిట్టే. ఇళ్ళలోపల అలంకరణ చేసిపెట్టే వ్యాపారం చేస్తుంది, అందుకని ఇంటి ప్రశ్నలన్నీ ఆమెకే తోస్తాయి. "మూడో అంతస్తు. తూర్పు వైపు" అని బదులిచ్చింది మూలింటి వదిన. ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు.

వాళ్ళ నలుగురి నడక పార్కు చుట్టూ సాగి, చివర్న ఆ మూల మీదుగా పోయేది. ఇల్లు పడగొట్టడం చూశారు, గుంట తవ్వడం చూశారు, ఒక్కో శ్లాబు పడడం చూశారు. అక్కడికి రాగానే ప్రశ్నలు మొదలయ్యేవి. వంటింటి గట్టుకు ఏ రాయి వేయిస్తున్నావు? బాత్రూములో తలుపు లోపలికా, బయటికా? పుస్తకాల బీరువా ఏ గోడకు? అన్నిటికీ ఆమె దగ్గర జవాబుండేది. తూర్పు కిటికీ కింద పొడవాటి బల్ల, దాని మీద కుట్టుమిషను. వంటింట్లో గిన్నెలు తోమే చోట నడుముకు సరిపోయే ఎత్తు. ఆయన గదిలో పుస్తకాలకు అద్దాల తలుపులు వద్దు, దుమ్ము దులుపుకోవడమే మేలు. బస్సులో నిలబడి వస్తూ కూడా ఆ ఇంట్లో కుర్చీలు జరుపుతూ ఉండేది.

ఒకసారి ఆయనకు చెప్పింది. దాచుకోలేక చెప్పింది. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ ఇంట్లో నాకు వేరే గది ఉందన్నమాట" అన్నాడు.

"ఉంది."

"బాత్రూము కలిసి ఉందా?"

"ఉందండీ."

"పర్లేదు, ఇక్కడికన్నా బాగానే చూసుకుంటున్నావు" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "చెప్పేయరాదూ?" అన్నాడు చివరికి. "చెబితే నిన్ను కాదంటారా వాళ్ళు?"

"కాదనరు. అదేనండీ నా భయం."

ఆయనకు అర్థం కాలేదు. ఆమెకు మాత్రం బాగా తెలుసు. ఆ ముగ్గురూ ఆమెతో ఇన్నేళ్ళు నిష్కారణంగా పోట్లాడారు, వెక్కిరించారు, ఒకరి వంటను ఒకరు తప్పుబట్టారు. ప్రతి శనివారం నడక అయ్యాక ఒక్కొక్కరి ఇంట్లో టీ. మూలింట్లో టీ అంటే డాక్టరమ్మ గుమ్మంలోనే మొదలుపెట్టేది: "ఈ మనిషికి చక్కెర లెక్క ఈ జన్మలో రాదు. నాకు అర చెంచా. చెవినపడిందా?" జడ్జమ్మ సోఫా మీద దిండును రెండు వేళ్ళతో ఎత్తి, "ఈ గళ్ళగుడ్డ ఎవరు ఎంచారు వదినా, మీ మరిదా?" అనేది. ఆమెకు మిగిలి ఉన్నవి ఆ మాటలే. పుట్టింటివైపు వాళ్ళు పోయారు, అత్తింటివాళ్ళు వాటాలు తీసుకుని వెళ్ళారు. తనను ఇంకా అదే మనిషిగా చూసే కళ్ళు ఆ మూడు జతలే. అవి జాలిగా మారకుండా ఉంటే చాలునని ఆమె కోరిక. అందుకే బస్సు.

బస్సులో ఆమెను ఎరిగిన మనిషి ఒకతి ఉంది. జడ్జమ్మ ఇంట్లో వంట చేసే ఆవిడ. మొదటిసారి చూసినప్పుడు గబుక్కున లేచి సీటిచ్చింది.

"రండమ్మగారూ, కూర్చోండి. కారేమైంది?"

"రిపేరుకిచ్చాం."

ఆ తర్వాత కనిపించినప్పుడల్లా సీటిచ్చేది. తీసుకోవాలంటే ఇబ్బంది, వద్దంటే ఆ మనిషి చిన్నబుచ్చుకుంటుందని మరో ఇబ్బంది. కొన్ని నెలల తర్వాత ఒకరోజు, "పాపం, పెద్ద రిపేరేనమ్మా" అంది వంటావిడ. వెక్కిరింపేమీ లేదు ఆ గొంతులో, నిజంగానే అయ్యోపాపం అంది. ఆ సాయంత్రం గిన్నెలు తుడుస్తూ ఆ మాటే చెప్పుకుంటుందని, జడ్జమ్మ అక్కడే ఫోను చూసుకుంటూ ఉంటుందని ఆమెకు తట్టలేదు.

భవనానికి రంగులు మొదలైన రోజుల్లో ఒక శనివారం జడ్జమ్మ తీర్పిచ్చింది. "ఇకమీదట ఇళ్ళలో టీలు వద్దు. పొద్దున్నే పనివాళ్ళను హడావుడి పెట్టడం, కప్పులు తీయడం, కడగడం. గేటు ఎదురుగా కొత్త కాఫీ షాపు పెట్టారుగా, అక్కడ తాగుదాం. ఎవరి ఇంట్లోనూ వద్దు."

డాక్టరమ్మ ఇళ్ళలో తాగే టీ తప్ప బయట గుక్కెడు మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి. "మంచిదేలే" అంది వెంటనే.

మూలింటి వదినకు గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. ఇల్లు పూర్తయితే తన వంతు వస్తుందే, ఏ గుమ్మంలోకి పిలవాలి అని కొన్ని వారాలుగా నిద్ర పట్టలేదు. ఆ సంబరంలో ఆమెకు ఒక విషయం ఆలస్యంగా గాని తెలియలేదు. మూల మీదుగా నడుస్తున్నారు, భవనం ముందు నుంచే పోతున్నారు, ఎవరూ తల పైకెత్తడం లేదు. ఏ రంగు వేశారు, లిఫ్టు వచ్చిందా, సామాన్లు ఎప్పుడు మారుస్తావు, ఏ ప్రశ్నా లేదు. డాక్టరమ్మ మోకాళ్ళ గురించి మాట్లాడుతోంది. జడ్జమ్మ వానల గురించి మాట్లాడుతోంది. ఆ మలుపు దాటేదాకా మాట తెగకుండా ఒకరి నుంచి ఒకరు అందుకుంటున్నారు.

తర్వాత చిట్టి నోరు జారింది. కాఫీ షాపులో కూర్చుని ఏదో చెబుతూ, "మొన్న మా అన్నయ్యా వాళ్ళూ ఫ్లాటు తీసుకున్నారు కదా, కిటికీలకు కర్టెన్లు నన్నే చూడమన్నారు, తూర్పు కిటికీకి పొద్దున్నే ఎండ మరీ..." అని చటుక్కున ఆగిపోయింది. చెంచా సాసరు మీద పడింది.

"ఎక్కడ తీసుకున్నారు?" అని అడగాల్సింది ఎవరో ఒకరు. ఎవరూ అడగలేదు.

"ఈ కాఫీలో నురగే తప్ప కాఫీ లేదే" అంది జడ్జమ్మ గట్టిగా. "బేరర్‌ని పిలవండి."

చిట్టి మొహం ఎర్రబడిపోయింది. డాక్టరమ్మ పేపరు రుమాలును నాలుగు మడతలు పెడుతోంది. మూలింటి వదిన ముగ్గురినీ ఒక్కొక్కరినే చూసింది. ఎవరూ ఆమెను చూడడం లేదు. మూడో అంతస్తులో, తూర్పు కిటికీ కింద, తన బల్ల, తన కుట్టుమిషను ఉన్న చోట చిట్టి అన్నగారు సామాన్లు దించుకుంటున్నాడు. వీళ్ళకు తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. తన కోసమే టీలు మానేశారు.

రెండు రోజులు బస్సెక్కలేదు. మూడోరోజు వెళ్ళింది, బూట్లు మార్చుకోకుండా, చెప్పులతోనే. పార్కులో సగం చుట్టు అయ్యాక ఆగింది.

"మీకొక సంగతి చెప్పాలి."

"ఏం చెప్పక్కర్లేదు, నడు" అంది డాక్టరమ్మ.

"అది కాదు, ఆ ఇల్లు..."

"మేమేమైనా అడిగామా వదినా?" జడ్జమ్మ ఆమె చేయి పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఎప్పుడూ అలా చేయి పట్టుకున్నది లేదు. "మనలో మనకు ఇవన్నీ ఎందుకు? మీరు మీరే, మేము మేమే. పదండి, ఎండ ఎక్కుతుంది."

ఆమె అడుగు ముందుకు వేసింది. ఎందుకు అబద్ధం చెప్పావే అని డాక్టరమ్మ కసురుతుందని రాత్రంతా అనుకుంది. కసిరితే ఏడుద్దామనుకుంది. ఏడిస్తే చిట్టి సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీస్తుంది, జడ్జమ్మ పిచ్చిదానివా అంటుంది, అంతటితో అయిపోతుంది. అలాంటిదేమీ జరగలేదు. ముగ్గురూ ఆమె నడకకు తగ్గట్టు తమ నడక తగ్గించుకున్నారు, జబ్బుమనిషి పక్కన నడిచినట్టు.

గేటు దగ్గర ఆమె మళ్ళీ ఆగింది. "అయితే ఈ శనివారం టీ మా ఇంట్లో" అంది. "మేమిప్పుడుంటున్న ఇంట్లో. రావాలి మీరు. దారి నేను చెబుతాను."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. "అంత దూరం నీకెందుకు శ్రమ..." అని డాక్టరమ్మ మొదలుపెట్టింది గాని, చిట్టి అడ్డుపడింది. "వస్తామక్కా. తప్పకుండా వస్తాం."

శనివారం వచ్చారు. డాక్టరమ్మ కారు ఆ సందులోకి సగం దాకా వచ్చి ఇరుక్కుపోయింది. మిగతా సగం నీళ్ళు తప్పించుకుంటూ నడిచారు. లిఫ్టు లేదు. డాక్టరమ్మ మెట్టు మెట్టుకూ ఆగి ఎక్కింది, ఒక్క మాట అనకుండా. ఆయన ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"రండి రండి. మా ఇంట్లో ఒక సౌకర్యం ఉంది. తిప్పి చూపించక్కర్లేదు, గుమ్మంలో నిలబడితే మొత్తం కనిపిస్తుంది."

ముగ్గురూ నవ్వారు, కాస్త ఆలస్యంగా. ఆయన మొహంలోకి చూసి, ఇది నవ్వాల్సిన మాటేనా అని తేల్చుకున్నాక.

"ఎంత గాలి వస్తోందో చూశారా!" అంది జడ్జమ్మ. "మా ఇంట్లో ఇంత గాలి ఎక్కడిది?"

"భలే సర్దారక్కా, ఇంత చోటులో ఇంత చక్కగా. నేను కూడా ఇలా చేయలేను" అంది చిట్టి.

"నీళ్ళు బాగా వస్తాయా? వస్తాయా. అదే కావాలి. వెలుతురు కూడా బాగుంది" అంది డాక్టరమ్మ.

మూలింటి వదిన వంటింట్లో నిలబడి వింటోంది. పాత సోఫాసెట్టులో సగభాగమే ఈ ఇంట్లో పట్టింది. మిగతా సగం ఎవరికో ఇచ్చేశారు. ఆ సగం సోఫా మీద అవే గళ్ళ దిండ్లు. జడ్జమ్మ ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని, "ఈ గళ్ళగుడ్డ ఎంత బాగుందో" అంది. వంటింట్లో ఆమె చేయి ఆగింది. టీలో చక్కెర వేస్తోంది. ఒక చెంచా వేసింది. ఇంకొకటి వేసింది. కావాలనే మూడోది కూడా వేసి కలిపింది. డాక్టరమ్మ కప్పు డాక్టరమ్మకే ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

డాక్టరమ్మ ఒక గుక్క తాగింది. కనుబొమలు కొంచెం పైకి లేచాయి, వెంటనే దిగిపోయాయి. "బాగుంది" అంది. కప్పు ఖాళీ అయ్యేదాకా మందు తాగినట్టు ఓపిగ్గా తాగింది.

కాసేపటికి ఆవిడే కప్పు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. మూలింట్లో ఎన్నడూ తన కప్పు తాను ఎత్తిన మనిషి కాదు. కప్పు సింకులో పెట్టి, తలుపు కొంచెం దగ్గరగా వేసింది.

"నీతో ఒక మాట. ఏమీ అనుకోవుగా?"

"చెప్పండి."

"మా కోడలు మళ్ళీ ఉద్యోగంలో చేరుతోంది. పసివాణ్ణి పొద్దున్నే లేపి, తినిపించి, బడికి తయారుచేయడానికి నమ్మకమైన మనిషి కావాలి. ఎంతమందిని చూసినా నచ్చడం లేదు. వచ్చినవాళ్ళకు ఫోను తప్ప పిల్లాడు కనబడడు. నువ్వయితే చదువుకున్నదానివి, ఇంటిమనిషివి. ఆలోచించాను. ఊరికే ఏం వద్దు, నీకు తగ్గట్టే ఇస్తాం. నీకూ అక్కరకొస్తుంది."

పొద్దున్నే అంటే ఎప్పుడో మూలింటి వదినకు అర్థమైంది. డాక్టరమ్మ బూట్లు తొడుక్కుని గేటు తీసుకుని బయటికి వెళ్ళే వేళ అది. ఆవిడా, జడ్జమ్మా, చిట్టీ పార్కు చుట్టూ నడుస్తుంటారు. తాను లోపల గిన్నెలో పాలు కలుపుతూ ఉంటుంది.

డాక్టరమ్మ ఆ మౌనాన్ని మొహమాటమనుకుంది. భుజం మీద చేయి వేసి, గొంతు తగ్గించి, ఎంతో ఆపేక్షగా అంది:

"నీకు కొత్తగా ఇబ్బందేమీ ఉండదు. ఎటూ ఆ బస్సుకే వస్తున్నావుగా."

ఆ చేతిలో కపటం లేదు. ఆ కళ్ళలోనూ లేదు. ఎవరికీ కనపడకుండా వచ్చిపోయే ఆ అవస్థ తప్పించి, రావడానికి ఒక గౌరవమైన దారి చూపిస్తున్నానని ఆవిడ మనసారా నమ్ముతోంది. కోపం తెచ్చుకుందామంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

"నాకు వీలుపడదండీ" అంది మూలింటి వదిన.

"అప్పుడే చెప్పకు. ఆయనతో మాట్లాడి..."

"లేదు, డాక్టరమ్మా. వీలుపడదు."

డాక్టరమ్మ చేయి తీసేసింది. "నీ మంచికే అన్నాను" అంది. నొచ్చుకున్నట్టే ఉంది. ఆ మాత్రం నొచ్చుకోవడం చూసి, ఆ పూట అంతటిలో ఆ ఒక్క క్షణం, మూలింటి వదినకు పాత డాక్టరమ్మ కనిపించింది. ఏదో ఒకటి అని ఆవిడను అక్కడే పట్టి ఉంచాలనిపించింది. ఈలోగా డాక్టరమ్మ మొహం సర్దుకుంది. "సరేలే, నీ ఇష్టం. టీ చాలా బాగుంది" అని బయటికి నడిచింది.

వెళ్ళేటప్పుడు జడ్జమ్మ రెండు చేతులూ పట్టుకుని, "ఏ అవసరమున్నా మాకు చెప్పాలి, మొహమాటపడకూడదు" అంది. చిట్టి కౌగలించుకుని, గబగబా మెట్లు దిగిపోయింది.

ఆమె కిటికీ దగ్గర నిలబడి చూసింది. కారు వెనక్కి తీయడానికి డ్రైవరు అవస్థ పడుతున్నాడు. కింద దుకాణం ఆయన, ఇద్దరు మోటారు సైకిళ్ళ వాళ్ళు "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ చేతులు ఊపుతున్నారు. కారు అద్దాలు పైకి వేసే ఉన్నాయి. లోపల ముగ్గురూ ఏదో మాట్లాడుకుంటున్నారు. చిట్టి కళ్ళు తుడుచుకుంటున్నట్టుంది, లేక జుట్టు సర్దుకుంటోందో. ఎవరూ తల పైకెత్తలేదు. ఏ కిటికీ తనదో వాళ్ళకు తెలియకపోవచ్చు. సందు మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే ఉంది.

ఆయన కప్పులన్నీ ఎత్తి సింకు దగ్గరకు తెచ్చాడు. ఒక కప్పు అడుగున కరగని చక్కెర చూసి, "ఇదేమిటోయ్, పాకం పెట్టావా?" అన్నాడు.

ఆమె కొళాయి తిప్పింది.

"లోపల ఏమడిగింది ఆవిడ?"

చెప్పింది. ఉన్నదున్నట్టు, డాక్టరమ్మ మాటల్లోనే చెప్పింది. ఆయన తుడుస్తున్న కప్పును చాలాసేపు అలాగే తుడుస్తూ ఉండిపోయాడు.

"ఏమన్నావు?"

"రానన్నాను."

"దేనికి? పనికా, వాకింగ్‌కా?"

ఆమె చేతిలో సబ్బు నురగ జారుతోంది. నీళ్ళు కప్పులోంచి పొంగి సింకులో పడుతున్నాయి. ఆమె కొళాయి కట్టేసింది.

"వాళ్ళకు రెండూ ఒకటే అయిపోయాయండీ" అంది.

ఆయన తుడిచిన కప్పు ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని గట్టు మీద బోర్లించి, రెండోదాని కోసం చేయి చాపింది.